ఆసియా కప్‌కి ఇంక వారమే: మన టీమ్ గ్రూప్ దాటుతుందా, ఈ గోలల్లోనే మునుగుతుందా?

గచ్చిబౌలి_గ్యాలరీ
2024 జనవరి 13న, ఖతార్‌లో జరిగే ఫుట్‌బాల్ ఆసియా కప్‌లో ఆస్ట్రేలియాతో మ్యాచ్. ఈపాటికి లెఫ్ట్ బ్యాక్ ఎవరు, కెప్టెన్ ఛెత్రీ వెనక ఎవరు ఆడాలి అని కొట్టుకుంటూ ఉండాలి మనం. కానీ ఎక్కడ చూసినా వేరే గోలే. కోచ్ స్టిమాచ్ జ్యోతిష్యుడికి టీమ్ లిస్టు పంపాడట. ఫుట్‌బాల్ ఫెడరేషన్ జనరల్ సెక్రటరీని నవంబర్‌లో పీకేశారు. ఆసియా గేమ్స్‌కి క్లబ్బులు ప్లేయర్లని వదల్లేదు. స్టిమాచ్ నాలుగు వారాల క్యాంప్ అడిగితే రెండు దొరికాయి. జూలైలో దక్షిణాసియా దేశాల శాఫ్ కప్ గెలిచి ఫిఫా ర్యాంకు 99కి వచ్చినప్పటి ఊపు ఆర్నెల్లలో ఏమైంది? ఈ గొడవలే టీమ్‌ని తింటున్నాయా, లేక మన స్థాయే ఇంతా? విషయం తెలిసినవాళ్ళు చెప్పండి. "జై హింద్, గెలుస్తాం" టైపు రిప్లైలు వద్దు.

ఆఫ్‌సైడ్_అంజి
జై హింద్, గెలుస్తాం.

లెక్కల_గణేష్
ముందు లెక్క. డిసెంబర్ ర్యాంకులు: ఆస్ట్రేలియా 25, ఉజ్బెకిస్తాన్ 68, సిరియా 91, మనం 102. గ్రూప్‌లో అట్టడుగు మనమే.

ఊపు ఎక్కడికీ పోలేదు. అది మన గడ్డ మీద ఊపు, అంతే. మార్చిలో ఇంఫాల్, జూన్‌లో భువనేశ్వర్, జూలైలో బెంగళూరు, మూడు కప్పులూ ఇంట్లోనే గెలిచాం. బయటికి వెళ్ళగానే లెక్క మారింది. సెప్టెంబర్‌లో థాయ్‌లాండ్ కింగ్స్ కప్‌లో ఇరాక్‌తో 2-2, పెనాల్టీల్లో ఓటమి. మూడో స్థానం కోసం ఆడి లెబనాన్ చేతిలో 0-1. అక్టోబర్‌లో మలేషియా మీద 2-4. నవంబర్‌లో కువైట్ వెళ్ళి 1-0 గెలవడం ఒక్కటే చెప్పుకోదగ్గది. ఆ వెంటనే ఖతార్ భువనేశ్వర్ వచ్చి 3-0 కొట్టి పోయింది.

బెజవాడ_బంతి
కువైట్‌లో కువైట్‌ని కొట్టడం చిన్న విషయమా గణేష్? మన్వీర్ 75వ నిమిషంలో కొట్టిన గోల్ మళ్ళీ చూడు. ఎడమ నుంచి చాంగ్టే క్రాస్, మన్వీర్ మొదటి టచ్‌లోనే షాట్. ప్రపంచ కప్ క్వాలిఫయర్ బయట గెలిచి ఎన్నేళ్ళయింది మనకి?

లెక్కల_గణేష్
చిన్నదని ఎవరన్నారు? చెప్పుకోదగ్గదే అన్నా కదా. కానీ ఇప్పుడు ఎదురుగా ఉంది కువైట్ కాదు.

మిడ్‌ఫీల్డ్_మాధవి
"రెండు వారాల క్యాంప్" అనే మాట దగ్గర కాస్త ఆగుదాం. అసలు పనికొచ్చే రోజులు ఎన్నో చూడండి.

టీమ్ డిసెంబర్ 30న దోహా చేరింది. ఐఎస్ఎల్ (మన దేశపు క్లబ్ లీగ్) మ్యాచ్‌లు ఆ నెలాఖరు దాకా నడిచాయి. అంటే కొందరి కాళ్ళలో రెండు మూడు రోజుల కిందటి 90 నిమిషాలు ఇంకా ఉన్నాయి. వాళ్ళకి మొదటి రెండు రోజులు ఐస్ బాత్, సైకిల్, మసాజ్, తేలికపాటి పరుగు మించి ఏమీ చేయించలేరు. ఇక మ్యాచ్ ముందు రోజు స్టేడియం చూసుకోవడం, సెట్‌పీసులు (కార్నర్లు, ఫ్రీకిక్కులు) ఓసారి నడిపించుకోవడం. దాని ముందు రోజు భారం తగ్గించాలి, లేకపోతే శనివారం కాళ్ళు బరువుగా ఉంటాయి. మధ్యలో ఒక రోజు సెలవు ఇవ్వాల్సిందే. 14 రోజుల్లోంచి ఇవన్నీ తీస్తే పూర్తి వేగంతో పదకొండు మంది మీద పదకొండు మందిని ఆడించగలిగేది ఐదారు సెషన్లు.

ఆ ఐదారింటిలోనే మూడు వేర్వేరు మ్యాచ్‌లకి సిద్ధం కావాలి. ఆస్ట్రేలియాకి వెనక్కి తగ్గి కాచుకోవడం, ఉజ్బెకిస్తాన్‌కి మధ్యలో సందులు మూయడం, సిరియాకి మనమే బంతి పట్టుకుని తలుపు తెరవడం. ఒక్కోదానికి రెండు సెషన్లు కూడా రావు. స్టిమాచ్ నాలుగు వారాలు అడిగింది ఇందుకే, నఖరాలు కాదు.

గచ్చిబౌలి_గ్యాలరీ
అదే నేనంటున్నది మాధవి గారూ. క్లబ్బులు దేశం కంటే లీగ్ టేబుల్‌లో తమ చోటే చూసుకున్నాయి.

సెంటర్‌బ్యాక్_సీను
క్లబ్బుల్ని తిట్టే ముందు రూల్ చూడు అన్నా. ఖండ స్థాయి ఫైనల్ టోర్నీకి ప్లేయర్‌ని ఎప్పుడు వదలాలో ఫిఫా రాసి పెట్టింది: టోర్నీ మొదలయ్యే వారానికి ముందు వారం సోమవారం పొద్దున. టోర్నీ జనవరి 12 శుక్రవారం మొదలు, కాబట్టి ఆ సోమవారం జనవరి 1. క్లబ్బులు రెండు రోజుల ముందే పంపాయి. రూల్ ప్రకారం వాళ్ళ తప్పు ఏమీ లేదు.

ఆసియా గేమ్స్ అయితే ఫిఫా విండోలోనే (క్లబ్బులు ప్లేయర్లని వదలాల్సిన తేదీల్లో) లేదు. అసలు వదలాల్సిన పనే లేదు. అందుకే సెప్టెంబర్‌లో హాంగ్‌ఝౌకి ఆ అతుకుల జట్టు పోయింది. టీమ్ దిగిన మర్నాడే చైనాతో ఆడి 1-5. మొదటి సగం 1-1 ఉంది, గుర్తుందా? రాహుల్ కేపీ సన్నని కోణం నుంచి కొట్టిన గోల్. రెండో సగంలో కాళ్ళు కదల్లేదు, నాలుగు తిన్నారు. అక్కడ ఓడింది నిద్ర లేక, ట్రైనింగ్ లేక.

తప్పు క్యాలెండర్‌ది. ఆసియా కప్ తేదీ ఏడాది ముందే తెలుసు. లీగ్‌ని రెండు వారాలు ముందు మొదలెడితే డిసెంబర్ 15కి ఆపొచ్చు. లీగ్ నడిపేవాళ్ళూ ఫెడరేషనూ ఒక బల్ల దగ్గర కూర్చుంటే తేలే పని ఇది.

ఆఫ్‌సైడ్_అంజి
బల్ల ఉంది సీనూ. కుర్చీల్లో ఎవరున్నారో ఆర్నెల్లకోసారి మారుతుంటే ఎట్లా? 2022 ఆగస్టులో ఫిఫా మొత్తం ఫెడరేషన్‌నే సస్పెండ్ చేసి పది రోజులకి ఎత్తేసింది. సెప్టెంబర్‌లో కొత్త ప్రెసిడెంట్. ఏడాది తిరిగాక ఆయన తెచ్చుకున్న సెక్రటరీ ఔట్. ఈలోగా కోచ్ గారు ప్రధానికి బహిరంగ లేఖ, ఆసియా గేమ్స్‌కి పంపండి అని. పంపారు. ఐదు తిన్నారు.

రహీంసాబ్_అభిమాని
క్యాంప్ క్యాంప్ అని గుండెలు బాదుకుంటున్నవాళ్ళకి ఒక్క మాట. 2011 ఆసియా కప్ కూడా ఈ దోహాలోనే. అప్పటి కోచ్ బాబ్ హౌటన్ జట్టుని నెలల తరబడి క్లబ్బుల నుంచి తీసేసుకుని, విదేశాలు తిప్పి మరీ తయారుచేసిండు. ఏమైంది? ఆస్ట్రేలియా 0-4, బహ్రెయిన్ 2-5, దక్షిణ కొరియా 1-4. పదమూడు గోల్స్ తిన్నం.

2019ల అబుదాబిల కాన్‌స్టంటైన్ జట్టుకి అంత పొడుగు క్యాంప్ లేదు. థాయ్‌లాండ్ మీద 4-1. మరి లెక్క ఎక్కడ కుదిరింది?

మిడ్‌ఫీల్డ్_మాధవి
మంచి ప్రశ్న. 2011లో క్యాంప్ పొడుగైంది కానీ పోటీ మ్యాచ్‌లు తగ్గాయి. నెలలకొద్దీ లీగ్ ఆడని ప్లేయర్‌కి ఊపిరి ఉంటుంది, మ్యాచ్ వేగం ఉండదు. 2019కి ముందు జరిగింది వేరు. అక్టోబర్‌లో చైనా వెళ్ళి 0-0, నవంబర్‌లో జోర్డాన్ వెళ్ళి 1-2, టోర్నీకి వారం ముందు ఒమన్‌తో తలుపులు మూసి 0-0. మూడూ గట్టి జట్లు, మూడూ మన ఊరు కాదు. వెనక లైన్ కలిసి గట్టి దెబ్బలు కాచుకోవడం అక్కడ నేర్చుకుంది.

కాబట్టి నేను కోరేది మూడు నెలల క్యాంప్ కాదు. మూడు నుంచి నాలుగు వారాలు, అందులో గట్టి జట్లతో రెండు ఫ్రెండ్లీలు. ఈసారి నవంబర్ 21న ఖతార్ మ్యాచ్ తర్వాత సీనియర్ టీమ్‌కి ఒక్క అంతర్జాతీయ మ్యాచ్ కూడా పడలేదు. ఆస్ట్రేలియా మ్యాచ్ నాటికి ఏడు వారాలు దాటిపోతుంది.

రహీంసాబ్_అభిమాని
గిది ఒప్పుకుంటా.

కార్నర్‌కిక్_కిట్టు
జ్యోతిష్యం మీద ఎవరూ మాట్లాడరేం? 😄 2022 జూన్‌లో కోల్‌కతాలో అఫ్గాన్ మ్యాచ్ ముందు పేర్ల లిస్టు జ్యోతిష్యుడికి వెళ్ళిందని సెప్టెంబర్‌లో పేపర్లో వచ్చింది. ఆ మ్యాచ్ 2-1 గెలిచాం మరి.

ఆఫ్‌సైడ్_అంజి
పంచాంగం నేను చూసి పెట్టా. 13 శనివారం. రాహుకాలం 9 నుంచి 10:30, మ్యాచ్ మనకి సాయంత్రం 5కి, కాబట్టి ఇండియా టైం ప్రకారం దోషం లేదు. కానీ దోహాలో కిక్కాఫ్ మధ్యాహ్నం 2:30. శనివారం యమగండం 1:30 నుంచి 3. మొదటి అరగంట గోల్ తినకుండా ఉంటే గండం గడిచినట్టే.

కార్నర్‌కిక్_కిట్టు
అంజి గారికి ఫెడరేషన్‌లో పోస్టు ఖాయం.

బెజవాడ_బంతి
నవ్వులాట సరే. సెలక్షన్‌లో బయటి చెయ్యి ఉందని వార్త వస్తే బెంచ్ మీదున్న కుర్రాడికి ఎలా ఉంటుంది? నాకు అసలు దెబ్బ అక్కడే కనిపిస్తోంది. "నేను ఆడలేక కూర్చున్నానా, నా నక్షత్రం బాగోలేక కూర్చున్నానా" అనుకుంటాడు. కోచ్ మాట మీద నమ్మకం పోతే ఏ ఫార్మేషనూ పనిచేయదు. దీనికి తోడు శాఫ్‌లో రెండుసార్లు రెడ్ కార్డు తిని స్టాండ్స్‌లో కూర్చున్నాడు. సెమీస్, ఫైనల్ అసిస్టెంట్ కోచ్ మహేష్ గవ్లీ నడిపించాడు.

సెంటర్‌బ్యాక్_సీను
నడిపించి గెలిచాడు కూడా. కోచ్ లేకపోయినా గెలిచిన జట్టు కోచ్ గొడవల వల్ల ఓడిపోతుందంటే నమ్మను. డ్రెస్సింగ్ రూమ్‌లో ఛెత్రీ, ఝింగన్, గుర్‌ప్రీత్ ఉన్నంతవరకు పేపర్ వార్తలు లోపలికి పెద్దగా రావు.

రహీంసాబ్_అభిమాని
బయటి గోల అంటే ఏందో తెలుసుకోవాలంటే 1962 జకార్తా చూడాలె. తైవాన్, ఇజ్రాయెల్‌లను ఆసియా గేమ్స్‌కి రానియ్యలేదని మన దేశం మనిషి, ఆసియా గేమ్స్ పెద్దల్ల ఒకడు జి.డి. సోంధీ అభ్యంతరం చెప్పిండు. ఊరు ఊరంతా ఇండియా మీద మండిపడ్డది. ఫైనల్‌ల స్టేడియం మొత్తం మన మీద అరుస్తుంటే, గ్రూప్‌ల మనల్ని 2-0 కొట్టిన దక్షిణ కొరియానే 2-1తో ఓడించినం. జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లతో ఉండె. కోచ్ రహీం సాబ్ అతన్ని డిఫెన్స్‌ల నుంచి తీసి ఫార్వర్డ్‌ల పెట్టిండు, గోల్ కొట్టిండు. బలరాం, యూసుఫ్ ఖాన్, తంగరాజ్, మనోళ్ళు ఆ టీమ్‌ల ఉన్నరు. గోల ఎప్పుడూ ఉంటది భయ్యా. సరైన ప్లేయర్‌ని సరైన జాగల పెట్టేటోడు ఉన్నడా లేడా, గదే ప్రశ్న.

గచ్చిబౌలి_గ్యాలరీ
ఇప్పుడు 26 మందిలో తెలుగువాడు ఒక్కడూ లేడు సర్. ఆకాశ్ మిశ్రా, నిఖిల్ పూజారి 2021-22లో హైదరాబాద్ ఎఫ్‌సీ కప్పు గెలిచినప్పటివాళ్ళని చెప్పుకుని సంతోషపడాలి.

లెక్కల_గణేష్
సరైన జాగా అన్నారు కాబట్టి అసలు రోగం దగ్గరికి వద్దాం. గోల్ ఎవరు కొట్టాలి?

ఛెత్రీకి 39 ఏళ్ళు, 93 గోల్స్. అతని తర్వాత నంబర్ 9 (మధ్యలో ఆడే స్ట్రైకర్) లేడు. ఎందుకు లేడో చూడాలంటే ఐఎస్ఎల్ టీమ్ షీట్లు చూడండి. మైదానంలో ఒకేసారి నలుగురు విదేశీయులు ఉండొచ్చు. ఏ క్లబ్ అయినా ఆ నలుగురిలో ఒకటి రెండు చోట్లు స్ట్రైకర్‌కి, ఒకటి సెంటర్ బ్యాక్‌కి, ఒకటి గోల్ పాసులిచ్చే మిడ్‌ఫీల్డర్‌కి ఇస్తుంది. అంటే గోల్ ముందర పని, గోల్ కాచే పని, తాళం తీసే పని, మూడూ బయటివాళ్ళవి. మనవాళ్ళకి మిగిలేది రెండు వింగులు, రెండు ఫుల్ బ్యాకులు.

మోహన్ బగాన్‌లో ముందు పెట్రాటోస్, కమింగ్స్, సాదికు. అందువల్ల మన్వీర్ కుడి వింగ్. ఆ కమింగ్స్ 2022 ప్రపంచ కప్ ఆస్ట్రేలియా జట్టులో ఉన్నవాడు, ఈసారి వాళ్ళ ఆసియా కప్ జట్టులో చోటే దొరకలేదు. కేరళలో దియామంతకోస్, పెప్రా ఉన్నారు, ఇషాన్ పండిత బెంచ్. ముంబైలో చాంగ్టే, విక్రమ్ ఇద్దరూ వింగర్లే. ఆరుగురు ఫార్వర్డ్‌లని తీసుకెళ్ళాం, వాళ్ళలో క్లబ్‌లో వారం వారం మధ్యలో ఆడే స్ట్రైకర్ ఛెత్రీ ఒక్కడే, అతనూ ఇప్పుడు ప్రతి మ్యాచ్ పూర్తిగా ఆడట్లేదు.

ఆఫ్‌సైడ్_అంజి
పెళ్ళికి ఆరుగురు తోడుపెళ్ళికొడుకులు, పెళ్ళికొడుకు మాత్రం నలభైకి దగ్గర.

బెజవాడ_బంతి
😂 గణేష్ చెప్పింది నిజమే కానీ దానికి గాయాలు కూడా కలపాలి. అన్వర్ అలీ లేడు, ఝింగన్ పక్కన కాలితో బంతి ముందుకు పంపగలిగినవాడు అతనే. జీక్సన్ భుజం, ఆషిక్ మోకాలి లిగమెంట్ (కింగ్స్ కప్ ఇరాక్ మ్యాచ్‌లో పోయింది). సహల్ టీమ్‌తో ఉన్నాడు కానీ ఇంకా కోలుకుంటున్నాడు. వెన్నెముకలో నాలుగు పూసలు తీసేసినట్టే.

సెంటర్‌బ్యాక్_సీను
ఆస్ట్రేలియా మీద ఏం చేయాలో చెప్తా. వాళ్ళ బలం ఏంటో అందరికీ తెలుసు: ఎత్తు. హ్యారీ సౌటర్ దాదాపు రెండు మీటర్లు. జాక్సన్ ఇర్విన్, మిచెల్ డ్యూక్ ఇద్దరూ తలతో ఆడేవాళ్ళు. క్రెయిగ్ గుడ్విన్ ఎడమ కాలి క్రాస్ నేరుగా వెనక పోస్ట్‌కి పడుతుంది.

మన దగ్గర గాల్లో గట్టిగా ఎగరగలిగేది ఝింగన్, గుర్‌ప్రీత్, మన్వీర్. మిగతావాళ్ళలో సౌటర్‌తో మనిషికి మనిషి మార్కింగ్ చేసి గెలిచేవాడు లేడు. అందుకని కార్నర్‌లో గోల్ ముందు చిన్న పెట్టె గీత మీద ఐదుగురిని వరసగా నిలబెట్టి స్థలం కాయాలి. ముగ్గురు వాళ్ళ పొడుగు మనుషుల దారికి అడ్డం నిలవాలి, బంతి కోసం కాదు, వాళ్ళ పరుగు ఆపడానికి. పరుగు ఆగితే రెండు మీటర్లవాడు కూడా నిలబడి ఎగరాల్సిందే. ఒకడు దగ్గర పాస్ కోసం. ఒకడు పెట్టె అంచున సెకండ్ బాల్‌కి, అంటే మొదటి దెబ్బకి బయటికొచ్చే బంతికి. చాంగ్టేని కూడా లోపలికి లాగేస్తే ఎదురుదాడికి మనిషి మిగలడు, కానీ ఈ మ్యాచ్‌లో లాగేయడమే నయం.

ఇక్కడ ఎక్కువగా చెడేది మొదటి హెడర్ దగ్గర కాదు, రెండో బంతి దగ్గర. గుర్‌ప్రీత్ క్రాస్‌ని పిడికిలితో కొట్టినప్పుడు అది పెట్టె బయట, పక్కకి పడాలి. గుంపులోంచి చెయ్యి సరిగ్గా తగలక పెనాల్టీ స్పాట్ దగ్గర పడితే ఇర్విన్ లాంటివాడు అక్కడే కాచుకుని ఉంటాడు.

కార్నర్‌కిక్_కిట్టు
సెట్‌పీసుల కోసం ఇంగ్లండ్ మాజీ వింగర్ ట్రెవర్ సింక్లెయిర్‌ని తెచ్చారు కదా.

సెంటర్‌బ్యాక్_సీను
తెచ్చారు, టోర్నీకి వారం ముందు. మంచిదే. అయితే మాధవి గారు లెక్క చెప్పిన ఆ ఐదారు సెషన్లలోంచే ఆయనకీ వాటా ఇవ్వాలి.

నిజామాబాద్_నెట్
మీరంతా డిఫెన్స్ డిఫెన్స్ అంటున్నారు. వెనక కూర్చుంటే ఎట్లాగూ ఓడిపోతం. ప్రెస్ చేసి, అంటే వాళ్ళ మీద పడి బంతి లాక్కుని ఆడితే పోయేదేముంది? ఆడి ఓడిపోదాం.

లెక్కల_గణేష్
పోయేది ఉంది తమ్ముడూ, గోల్స్ తేడా. 24 జట్లు, ఆరు గ్రూపులు. మొదటి ఇద్దరు పోను మూడో స్థానంలోని ఆరింటిలో నలుగురు ముందుకెళ్తారు. మూడో స్థానాలని పోల్చే వరస ఇదీ: పాయింట్లు, గోల్స్ తేడా, కొట్టిన గోల్స్, ఆ తర్వాత కార్డులు (ఎల్లో ఒకటి, రెండు ఎల్లోలతో రెడ్ అయితే మూడు, నేరుగా రెడ్ మూడు, ఎల్లో మీద నేరుగా రెడ్ నాలుగు), అక్కడా తేలకపోతే చీటీలు.

2019లో వియత్నాం, లెబనాన్ ఇద్దరికీ 3 పాయింట్లు, ఇద్దరూ నాలుగు కొట్టి ఐదు తిన్నారు. ఎల్లో కార్డులు తక్కువని వియత్నాం పైకి వెళ్ళి క్వార్టర్స్ దాకా ఆడింది. అదే టోర్నీలో మనకీ 3 పాయింట్లే, కానీ గ్రూప్‌లో నాలుగో స్థానం. బహ్రెయిన్‌తో 90 నిమిషాలు 0-0 లాగి, ఇంజురీ టైంలో పెనాల్టీ ఇచ్చాం. ఆ ఒక్క గోల్ లేకపోతే 4 పాయింట్లతో దాటేవాళ్ళం.

కాబట్టి ఆస్ట్రేలియాతో 70వ నిమిషంలో 0-1 ఉంటే విరగబడి దాడి చేయడం తెలివి కాదు. 0-4 అయితే సిరియాని గెలిచినా లాభం ఉండకపోవచ్చు.

నిజామాబాద్_నెట్
అంటే ఓటమి కోసం ఆడాలా అన్నా? గిట్ల ఆడితే జనం చూడరు.

మిడ్‌ఫీల్డ్_మాధవి
మీ ఇద్దరి మధ్య ఒక దారి ఉంది నెట్ గారూ. మొత్తం మైదానం ప్రెస్ చేయకుండా, ఎంచుకున్న క్షణంలో చేయడం. వాళ్ళ సెంటర్ బ్యాక్ వెనక్కి తిరిగి కీపర్‌కి ఇచ్చినప్పుడు, లేదా ఫుల్ బ్యాక్ గీత దగ్గర బంతి అందుకుని మొహం మన గోల్ వైపు లేనప్పుడు. ఆ రెండు సందర్భాల్లో ఛెత్రీ కదిలితే వెనక ముగ్గురు కదలాలి. ఛెత్రీ ఒక్కడే పరుగెత్తి మిగతావాళ్ళు చూస్తూ ఉంటే అతని ఊపిరి పోవడం తప్ప ఫలితం లేదు. ఖతార్ మ్యాచ్‌లో ఇదే కనిపించింది, ముందువాళ్ళకీ మిడ్‌ఫీల్డ్‌కీ మధ్య పాతిక మీటర్ల ఖాళీ. వెనక నలుగురికీ మిడ్‌ఫీల్డ్ ముగ్గురికీ నడుమ దూరం పది పన్నెండు మీటర్లు దాటకూడదు.

నా జట్టు: గుర్‌ప్రీత్, పూజారి, ఝింగన్, భెకే, సుభాశిష్, తాంగ్రి, అపుయా, సురేశ్, మన్వీర్, ఛెత్రీ, చాంగ్టే. ఆకాశ్ మిశ్రా కంటే సుభాశిష్ ఎందుకంటే మొదటి మ్యాచ్‌లో పైకి వెళ్ళే ఫుల్ బ్యాక్ కంటే గాల్లో నిలబడేవాడు కావాలి. ఉజ్బెక్ మ్యాచ్‌కి ఆకాశ్.

బెజవాడ_బంతి
థాపాని వదిలేశారేంటి? బ్రాండన్ కూడా లేడు. బంతి దొరికితే ఇచ్చేది ఎవరికి?

మిడ్‌ఫీల్డ్_మాధవి
థాపాని 60 తర్వాత దింపుతా, ఐదు మార్పులు ఉన్నాయి కదా. బ్రాండన్‌ని సిరియా కోసం దాస్తా. ఫ్రీకిక్ వేసేవాడు అక్కడ కావాలి.

కార్నర్‌కిక్_కిట్టు
వీఏఆర్ (వీడియో చూసి రిఫరీ నిర్ణయం సరిచూడటం) గురించి ఎవరూ అనలేదు. ఐఎస్ఎల్‌లో వీఏఆర్ లేదు. ఇక్కడ మొదటి మ్యాచ్ నుంచే ఉంది, ఆఫ్‌సైడ్‌కి కెమెరాల సిస్టమ్ కూడా. మన డిఫెండర్లకి కార్నర్‌లో చొక్కా పట్టుకునే అలవాటు, క్రాస్‌కి చేతులు చాచి నిలబడే అలవాటు ఉన్నాయి. లీగ్‌లో రిఫరీ చూడకపోతే గడిచిపోతుంది. కింగ్స్ కప్‌లో ఇరాక్‌కి మనం ఇచ్చిన రెండు గోల్సూ పెనాల్టీలే అని మర్చిపోవద్దు. చేతులు వెనక్కి కట్టుకుని క్రాస్ అడ్డుకోవడం ఒక్కటి నేర్పినా రెండు వారాల క్యాంప్ దండగ కాదు.

ఆఫ్‌సైడ్_అంజి
మన ఆఫ్‌సైడ్ ట్రాప్‌కి కెమెరాలు అక్కర్లేదు, కంటికే కనిపిస్తుంది.

సెంటర్‌బ్యాక్_సీను
ఉజ్బెకిస్తాన్‌ని అందరూ తేలిగ్గా దాటేస్తున్నారు. నా దృష్టిలో మనకి ఆస్ట్రేలియా కంటే వాళ్ళే ఇబ్బంది. ఆస్ట్రేలియా పైనుంచి వస్తుంది, వచ్చేది తెలుస్తుంది. ఉజ్బెకులు మన ఫుల్ బ్యాక్‌కీ సెంటర్ బ్యాక్‌కీ మధ్య సందులోంచి వస్తారు. షోమురోదోవ్ గాయంతో రావట్లేదని సంబరపడొద్దు. ఫైజుల్లాయెవ్ ఉన్నాడు, పోయినేడు వాళ్ళ గడ్డ మీద అండర్-20 ఆసియా కప్ గెలిచినప్పుడు టోర్నీ బెస్ట్ ప్లేయర్. మషారిపోవ్ ఉన్నాడు. నవంబర్‌లో ఇరాన్‌తో 2-2 ఆడారు.

అక్కడ పూజారి కుడి బ్యాక్‌గా ఉంటే భయం. అతను పుట్టుకతో వింగర్, బంతి వైపు చూస్తూ వీపు వెనక మనిషిని వదిలేస్తాడు. భెకేని కుడికి జరిపి మెహతాబ్‌ని మధ్యలో పెట్టొచ్చు.

రహీంసాబ్_అభిమాని
సిరియా మీదనే మన ఆశంతా. 2007, 2009 నెహ్రూ కప్ ఫైనల్స్ ఢిల్లీల వాళ్ళనే కొట్టినం. 2019ల అహ్మదాబాద్‌ల 1-1.

లెక్కల_గణేష్
మూడూ ఇండియాలోనే సర్, మళ్ళీ అదే కథ. కానీ ఆశ అక్కడే ఉందన్నది ఒప్పుకుంటా. హెక్టర్ కూపర్ జట్టు, వాలెన్సియాని రెండుసార్లు ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌కి తీసుకెళ్ళిన మనిషి. గోల్ ఇవ్వకుండా కూర్చోవడం ఆయన పద్ధతి. ఒమర్ అల్ సోమాని జట్టులోకి తీసుకోలేదు, ఖ్రిబిన్ ఉన్నాడు. నవంబర్‌లో జపాన్ మీద 0-5 తిన్నారు, మిగతావి చాలావరకు ఒక గోల్ తేడా ఆటలు. మన ఆటా అంతే. మొదట ఎవరు కొడితే వాళ్ళది.

బెజవాడ_బంతి
సరిగ్గా అక్కడే గణేష్ చెప్పిన స్ట్రైకర్ రోగం బయటపడేది. వెనక కూర్చున్న జట్టుని తెరవాలంటే పెట్టె లోపల ఇద్దరు ఉండాలి. ఛెత్రీ పక్కన మన్వీర్‌ని లోపలికి పంపి, వింగ్ మహేశ్‌కి ఇవ్వాలి. 65 తర్వాత ఇషాన్. అతను ఆఖర్లో దిగి గోల్ కొట్టడం తెలిసినవాడే.

దోహా_రావు
ఇక్కడున్నవాళ్ళ కోసం కొన్ని సంగతులు. మొదటి రెండు మ్యాచ్‌లు అహ్మద్ బిన్ అలీ స్టేడియం: మెట్రో గ్రీన్ లైన్, అల్ రిఫా స్టేషన్ దిగితే నడిచే దూరం. మూడోది అల్ బైత్, అల్ ఖోర్‌లో. అక్కడికి మెట్రో లేదు, ప్రపంచ కప్ అప్పుడు లుసైల్ దాకా మెట్రో, ఆపైన బస్సులు వేశారు. తిరుగు ప్రయాణానికి టైం ఎక్కువ పెట్టుకోండి.

ఎవరో ఎండ ఎండ అంటున్నారు వేరే గ్రూపులో. జనవరిలో మధ్యాహ్నం 2:30కి ఇక్కడ ఇరవై చిల్లర డిగ్రీలు. ఎండ వంక పనికిరాదు.

శనివారం ఆఫీసులవాళ్ళకి సెలవే. సైట్ మీద పనిచేసే మనవాళ్ళలో చాలామందికి శుక్రవారం ఒక్కటే సెలవు, శనివారం షిఫ్ట్ మార్చుకోవాలి. ఫోర్‌మన్‌తో ఇప్పుడే మాట్లాడుకోండి, ముందు రోజు అడిగితే కుదరదు. 23 మంగళవారం మ్యాచ్ కూడా 2:30కే, దానికి ఇంకా కష్టం.

గచ్చిబౌలి_గ్యాలరీ
రావు గారూ, స్టేడియంలో మనవాళ్ళు ఎక్కువ ఉంటారా ఆస్ట్రేలియావాళ్ళా?

దోహా_రావు
మలయాళీలే సగం స్టేడియం నింపుతారు. ఆ విషయంలో ఇది ఇంటి మ్యాచ్ అనుకోండి. గణేష్ గారి "ఇంట్లోనే గెలుస్తాం" లెక్కకి ఇదొక్కటే విరుగుడు.

లెక్కల_గణేష్
నా అంచనా రాసి పెడుతున్నా, తర్వాత తిట్టండి. ఆస్ట్రేలియా 0-2, ఉజ్బెకిస్తాన్ 0-2, సిరియా 1-1. ఒక పాయింట్, ఇంటికి. కారణం జ్యోతిష్యమూ కాదు, సెక్రటరీ కుర్చీ కూడా కాదు. గోల్ కొట్టేవాడు లేడు.

మిడ్‌ఫీల్డ్_మాధవి
ఆస్ట్రేలియా 0-2 సరే. ఉజ్బెకిస్తాన్ 0-1, సిరియా 1-0. మూడు పాయింట్లు, తేడా మైనస్ 2. కార్డుల లెక్క దాకా వెళ్తుంది.

నిజామాబాద్_నెట్
ఆస్ట్రేలియా 1-1. ఛెత్రీ.

ఆఫ్‌సైడ్_అంజి
నెట్ తమ్ముడు ఎవరికో జాతకం పంపినట్టున్నాడు.

కార్నర్‌కిక్_కిట్టు
ఏ ఛానెల్? 13న భోగి ముందు రోజు, బస్సులో ఉంటా.

బెజవాడ_బంతి
టీవీలో స్పోర్ట్స్18, ఫోన్‌లో జియో సినిమా. బస్సులో సిగ్నల్ పోతే నెట్ చెప్పిన స్కోరే నిజమనుకుని పడుకో. టీమ్ షీట్ గంట ముందు వస్తుంది, మ్యాచ్‌కి వేరే థ్రెడ్ తెరుస్తా.